ఎవులితో యిరోదం?

వైశాఖంలో మా పెదనాన్న సంవత్సరీకం వస్తోంది. ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి పదహారు పేజీల చిన్న పుస్తకం వేద్దామన్నాడు ఆయన కొడుకు, మా అన్నయ్య. ఫొటోలు, ప్రెస్సు ఖర్చు తనవి. ముందుమాట నా నెత్తిన పెట్టాడు. "నువ్వు రాస్తుంటావు కదరా, రెండు పేజీలు ఎంతసేపు" అన్నాడు. నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. విజయనగరంలో మా ఇంట్లో ఒక రాత్రి కూర్చుని రాసేశాను. మొదటి వాక్యం ఇది: "మాస్టారి వ్యక్తిత్వం వైరుధ్యాల సమాహారం."

నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను. పేరున్నవాళ్ళు పోయినప్పుడు పేపర్లో వచ్చే వ్యాసంలా ఉంది.

ఆదివారం ఊరెళ్ళి దొడ్డమ్మకి, అంటే పెదనాన్న భార్యకి, వినిపించాను. మాది నరసన్నపేట నుంచి ముఖలింగం వెళ్ళే దారిలో, వంశధారకి దగ్గర్లో ఉన్న ఊరు. ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని పనసకాయ పొట్టు కొడుతోంది. కత్తికీ, రెండు చేతులకీ నూనె రాసుకుంది. అయినా పాలు కారి వేళ్ళ మధ్య బంక తీగలు సాగుతోంది. కత్తి చప్పుడు ఆపకుండానే వింటోంది. నా మొదటి వాక్యం దగ్గరే ఆ చప్పుడు ఆగిపోయింది.

"యిరోదమా? మీ పెదనాన్నకి ఎవులితో యిరోదం బావూ?"

విరోధం కాదు దొడ్డమ్మా, వైరుధ్యం అన్నాను.

"ఏదైతేనేటి. ఊర్లో ఎవులితోటైనా తగువు పడ్డాడా ఆ మనిషి? పుస్తకంలో అలగ రాసీసినావేటి?"

ఒకదానికొకటి పొసగని గుణాలు ఒకే మనిషిలో ఉంటే అలా అంటారని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఈ మాట ఆయన మీటింగుల్లో అనీవోడు. అక్కడంటే శత్రువులుంటారు. ఇంట్లో ఎవులున్నారు?" అని మళ్ళీ పొట్టు కొట్టడం మొదలుపెట్టింది.

నవ్వుకుంటూ బస్సెక్కాను. బస్సు శ్రీకాకుళం దాటేసరికి నవ్వు పోయింది.

ఎందుకంటే ఆవిడ చెవి తప్పు వినలేదు. విరోధం, వైరుధ్యం ఒక తల్లి పిల్లలే. రెండింటికీ మూలం సంస్కృతంలో 'రుధ్' అనే ధాతువు. అడ్డుకోవడం, కట్టడి చేయడం దాని అర్థం. నిరోధం, అవరోధం దాంట్లోంచే వచ్చాయి. విరుద్ధమైనదాని స్వభావం వైరుద్ధ్యం. పలకడం కష్టమై తెలుగు అచ్చులో అది 'వైరుధ్యం'గా తేలికపడింది. చూడ్డానికి 'వైరం' కూడా ఈ ఇంటిదేలా ఉంటుంది గానీ, దానిది వేరే వంశం. సరే, అది పక్కన పెడదాం. మాట పుట్టుకలో ఉన్నది అడ్డు. వైరుధ్యం అనాలంటే ఒకటి రెండోదాని దారికి అడ్డం నిలబడాలి. ఒకటి ఉంటే రెండోది కదలలేకపోవాలి. పక్కపక్కన ఉండి చూసేవాడికి వింతగా కనిపిస్తే చాలదు.

మనం ఇప్పుడు ఈ మాటని ఎలా వాడుతున్నాం? సినిమా సమీక్షల్లో హీరోకి కోపం, ప్రేమ రెండూ ఉంటే వైరుధ్యం. సంపాదకీయంలో పేదవాడి చేతిలో సెల్‌ఫోను ఉంటే వైరుధ్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మీద వచ్చే ప్రతి రెండో వార్తా కథనం ఈ మాటతోనే మొదలవుతుంది. పచ్చని కొబ్బరి, జీడి, పనస తోటలు, ఉద్యానవనం అన్న మాటలోంచి వచ్చిందనే పేరు, అక్కడే ఇంటింటా కిడ్నీ రోగులు, "ఎంత వైరుధ్యం!" అని. కవిటి, సోంపేట వైపు మాకు చుట్టాలున్నారు. డయాలసిస్‌కి తిరిగే మనిషిని దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. తోట పచ్చగా ఉండటానికీ, మనిషి కిడ్నీ పాడవడానికీ మధ్య అడ్డేముంది? ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తేలని కారణం దగ్గర ఆగి అడగాల్సింది పోయి, ఒక అలంకారం తగిలించి ముందుకు వెళ్ళిపోతున్నాం. నాకు ఒళ్ళు మండేది అక్కడ.

నిజానికి ఇలాంటి చోట్ల చాలాసార్లు మనకి కావాల్సిన మాట వైవిధ్యం. ఇంకొన్నిసార్లు వైచిత్రి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయి, ఉన్నవాటిలో బరువైన మాట కలం కిందకి వచ్చేస్తుంది.

మా ఇంటికి ఈ మాట పండితుల దారిలో రాలేదు. 1967 నుంచి 1970 దాకా పార్వతీపురం, పాలకొండ ఏజెన్సీలో గిరిజన పోరాటం సాగిన రోజుల్లో పెదనాన్న కుర్రాడు. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, 1979లో గదా వచ్చింది. పార్వతీపురం కూడా శ్రీకాకుళం జిల్లాయే. ఆ తర్వాత ఆయన టీచరయ్యారు, యూనియన్‌లో తిరిగారు, రాత్రిపూట పాఠాలు విన్నారు. ఆ పాఠాల్లో మావో 1937లో వైరుధ్యం మీద రాసిన వ్యాసం తప్పకుండా ఉండేది. ప్రధాన వైరుధ్యం, శత్రు వైరుధ్యం, మిత్ర వైరుధ్యం అని మా చిన్నప్పుడు వరండాలో పెద్దవాళ్ళు వాదించుకుంటుంటే, అవేవో చుట్టాల పేర్లనుకునేవాళ్ళం. అక్కడ ఆ మాట తిట్టు కాదు, పొగడ్తా కాదు. ఏది దేనికి అడ్డు, ఏది తప్పుకుంటే ఏది కదులుతుంది అని లెక్క కట్టే పనిముట్టు. దొడ్డమ్మ వరండాలోకి టీ గ్లాసులు తెస్తూ విన్నది ఆ మాటనే. ఇప్పుడు చూస్తే, రుధ్ ధాతువుకి దగ్గరగా ఉన్నది వాళ్ళ వాడుకే. నాది కాదు.

చూడ్డానికి కొట్టుకుంటున్నట్టుండి, నిజానికి కొట్టుకోని వాటికి మనవాళ్ళు ఎప్పుడో వేరే పేరు పెట్టారు: విరోధాభాసం. ఆభాసం అంటే ఉన్నట్టు అనిపించడమే తప్ప లేకపోవడం. కాలేజీలో మా తెలుగు లెక్చరర్ చంద్రాలోకం అనే సంస్కృత అలంకార గ్రంథంలోంచి ఉదాహరణ చెప్పేవారు. హారం లేకపోయినా హారి అని ఒక స్త్రీని వర్ణిస్తాడు కవి. హారం లేకుండా హారం కలది ఎలా అవుతుంది? 'హారి' అంటే మనసు హరించేది అని రెండో అర్థం తట్టగానే గొడవ మాయం. అదీ విరోధాభాసం. రెండో అర్థం తెలియనంతసేపే అది తగువు.

ఈ తేడాని చేత్తో పట్టుకుని చూడాలంటే పొందూరు వెళ్ళాలి. ఖద్దరు అంటే మామూలుగా ముతక బట్ట. పొందూరు ఖద్దరు మాత్రం సన్నదనానికే పేరు, వందో నంబరు నూలు వడికే చోటు అది. ఆ పత్తిని శుభ్రం చేసేది దేనితో? వాలుగ చేప దవడతో. నేను చూసినప్పుడు ఒక పెద్దావిడ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, అరచేతిలో ఇమిడే ఆ దవడ ఎముకతో పత్తిని గింజ మీద ఉండగానే దువ్వుతోంది. దువ్వెన పళ్ళకంటే చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్న పళ్ళు. పట్టుకుంటే గరుకు. దువ్విన పత్తి మాత్రం పొగమంచులా విచ్చుకుంటోంది. నాతో వచ్చిన ఫ్రెండు "అహింస బట్టకి చేప దవడా! ఏం వైరుధ్యంరా" అన్నాడు. ఆవిడ అతని వంక చూసి, ఈ పళ్ళు పడితేనే చెత్త పోతుంది, ఇంకోటి పడితే పోగు తెగిపోతుంది అంది. అంటే ఆ గరుకు లేకపోతే ఈ మెత్తదనం లేదు. అడ్డు కాదు సరికదా, దారే అది.

గిడుగు రామమూర్తి గారి గురించీ ఇలాగే అంటుంటారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. పాత కావ్యాలు, వ్యాకరణాలు నమిలి మింగినవాడు. ఆయనే గ్రాంథికం వద్దు, వాడుక భాష కావాలని పోరాడటం వైరుధ్యమట. ఆ పాండిత్యమే లేకపోతే ఆ పోరాటం ఎక్కడిది? ప్రాచీన కవుల ప్రయోగాలు బయటికి తీసి, మీరు చెప్పే నియమం వాళ్ళే పాటించలేదు కదా అని పండితుల ముందు పెట్టాలంటే, ముందు అవన్నీ చదివుండాలి. గురజాడ మీద కూడా ఇలాంటిదే ఒకటుంది. వాడుక తెలుగులో కన్యాశుల్కం నాటకం రాసి, దానికి ముందుమాట ఇంగ్లీషులో రాశాడని. 1897లో అచ్చైన పుస్తకం, అంకితం విజయనగరం మహారాజు ఆనంద గజపతికి. ఆ ముందుమాట ఎవరిని ఒప్పించడానికి రాసిందో ఆలోచిస్తే ఆ తగువు కూడా అక్కడితో సరి.

అసలు మా విజయనగరంలో కూర్చుని ఈ మాట గురించి రాస్తూ గిరీశాన్ని వదిలేస్తే ఊరు ఊరుకోదు. కన్యాశుల్కం ఇక్కడ మొదటిసారి ఆడింది 1892లో. అప్పట్నుంచీ మాటకీ చేతకీ పొంతన లేనివాడంటే గిరీశమే మనకి గుర్తు. సంస్కరణ మీద లెక్చర్లు దంచుతాడు, అప్పులెగ్గొడతాడు, వితంతు వివాహమంటూ బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. ఇన్నాళ్ళూ నేనూ అతన్ని వైరుధ్యాల మనిషి అనే అనుకున్నాను. అడ్డు పరీక్ష పెట్టి చూడండి. అతని లెక్చరు అతని మోసానికి ఎక్కడైనా అడ్డు పడిందా? ఒక్కచోట లేదు. పైగా లెక్చరే మోసానికి పెట్టుబడి. రెండూ ఒకే బండికి కట్టిన ఎడ్లు, చక్కగా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తాయి. లోపల ఏ గొడవా లేని హాయైన మనిషి గిరీశం. మధురవాణి విషయంలో తేడా ఇంకో రకం. సానికి నీతేమిటి అన్న అడ్డు ఆమెలో లేదు, చూసేవాళ్ళ బుర్రలో ఉంది. పాపం ఆ బరువుని ఆమె నెత్తిన పెట్టి, ఆమెని వైరుధ్యం అంటాం.

మరి నిజమైన వైరుధ్యం అసలు దొరుకుతుందా? మా విజయనగరం పైడితల్లి పండగే ఉంది. 1757లో బొబ్బిలి యుద్ధానికి బయల్దేరుతుంటే వద్దన్నయ్యా అని బతిమాలిందట విజయనగరం రాజు చెల్లెలు పైడిమాంబ. ఆయన వినలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో గెలిచాడు, గెలిచిన డేరాలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయి దేవతయిందని కథ. విజయదశమి వెళ్ళిన మంగళవారం ఆమె తరఫున పూజారి సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చుని ఊరి మీదుగా తిరుగుతాడు, ఆ రాజవంశం వాళ్ళు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. అన్న మాట నెగ్గాలంటే చెల్లెలి మాట ఓడాలి, రెండూ నిలబడే వీల్లేదు. పేరులో విజయం పెట్టుకున్న ఊరు, యుద్ధం వద్దన్న ఆడపిల్లకి మొక్కుతోంది. చెరువు ఒడ్డున మొక్కు తీర్చుకునే జనానికి దీంట్లో టెన్షన్ ఏమీ లేదు. కానీ నా లెక్కలో ఆ మాటకి తగిన చోటు ఇది.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. వాడుకే ప్రమాణమన్న గిడుగు పుట్టిన జిల్లా నుంచి వచ్చి, జనం వాడే మాటకి ధాతువులు చూపించి తప్పు పడతావా, నీది వైరుధ్యం కాదా అని. ముచ్చటైన ప్రశ్నే. అయితే నా సాక్ష్యం ధాతుపాఠం కాదు, దొడ్డమ్మ. బడి మొహం పెద్దగా చూడని మనిషి ఆ మాట వినగానే ఎవరితో తగువు అని అడిగింది. వాడుకలో దాని ప్రాణం అలాగే ఉంది. చెడగొట్టింది మాలాంటి రాతగాళ్ళం.

ఇంటికొచ్చి నా ముందుమాట మళ్ళీ తీశాను. పెదనాన్నలో నేను జాబితా వేసిన వైరుధ్యాలు మూడు. ఒకటి, పిసినారి, మహా దాత. గదిలోంచి గదిలోకి వెళ్ళేలోపు వెనక లైటు ఆపలేదని కేకలేసే మనిషి, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మూడు నెలల పెన్షను పెట్టి బియ్యం, కొవ్వొత్తులు ఆటోలో వేయించుకుని వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళారు. దుబారా చేయని చేతిలో ఇవ్వడానికి మిగిలింది, అంతేగా. రెండు, దేవుణ్ణి నమ్మరు, శివరాత్రికి ముఖలింగం మానరు. ఆయన గుళ్ళోకి వెళ్తే లింగం దగ్గర నిమిషం, గోడల మీద శిల్పాల దగ్గర గంట. పైగా పాత స్టూడెంట్లందరూ అక్కడ దొరుకుతారు. మూడు, బడిలో పులి, ఇంట్లో పిల్లి. ఇది రాసినందుకు నాకే సిగ్గేసింది. ఏ మాస్టారు కాదు?

మూడూ కొట్టేశాక కాగితం మీద మిగిలింది లేదు. అప్పుడు, నేను రాయనిది గుర్తొచ్చింది.

పెదనాన్న మా చుట్టుపక్కల ఊళ్ళలో వరకట్నం మీద మాట్లాడని బడి లేదు, రచ్చబండ లేదు. 1961 చట్టం సెక్షన్లతో సహా చెప్పేవారు. నేను విన్నాను కూడా, గొంతు వణికేది ఆయనకి. 1994లో అన్నయ్య పెళ్ళికి లక్షా ఇరవై వేలు, స్కూటరు తీసుకున్నారు. మేం అడగలేదు, వాళ్ళే ముచ్చటపడి ఇచ్చారు అని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆమదాలవలస దగ్గర వదిన వాళ్ళ నాన్న డెబ్బై సెంట్ల పల్లం పొలం అమ్మి ఆ ముచ్చట తీర్చుకున్నాడు.

ఆ పెళ్ళి తర్వాత పెదనాన్న కట్నాల మీద మాట్లాడగా నేను వినలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. అదే మోకాళ్ళతో యూనియన్ మీటింగుకి నరసన్నపేట దాకా సైకిలు తొక్కేవారు. గిరీశం అయితే మర్నాడే ఇంకో లెక్చరిచ్చేవాడు. ఈయన ఇవ్వలేకపోయారు. తీసుకున్న డబ్బు ఆయన నోటికి అడ్డం పడింది. ఆయన జీవితంలో ఆ మాట పట్టే చోటు అదొక్కటే, నేను సమాహారమని రాసి సరిగ్గా దాన్నే దాచేశాను. పిసినారితనం, శివరాత్రి లాంటి ఏ తప్పూ లేనివాటికి ఆ మాట తగిలించి, తప్పున్నచోట దాన్నే పైన దుప్పటిలా కప్పాను. పేరున్నవాళ్ళ గురించి "సంక్లిష్టమైన మనిషి, వైరుధ్యాలున్నాయి" అని చదివినప్పుడల్లా ఇప్పుడు నాకు అనుమానం, కింద ఏ డెబ్బై సెంట్లు ఉన్నాయో అని.

పోయిన వారం దొడ్డమ్మకి ఫోన్ చేశాను. మొదటి వాక్యం తీసేశాను అని చెబితే "మంచి పని సేసినావు" అంది. మోకాళ్ళ నొప్పుల సంగతి రాయనా అని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందనుకుని చెవి దగ్గర్నుంచి తీసి చూశాను.

"ఆ ఊసు నన్నడుగుతావేటి బావూ. పల్లం పోయింది నాది కాదు కదా. మీ వదిన్నడుగు."

శనివారం లోపు మేటర్ ఇమ్మని ప్రెస్సు అబ్బాయి రెండుసార్లు చేశాడు. ఇవాళ గురువారం. వదిన నంబరు తీసి, రింగయ్యేలోపే పెట్టేశాను.